దీనమ్మత్త ఎడంచేతి మనుషులు

కాలు విరగడంలో నా తప్పు లేదని ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మా ఇంట్లో ఆ వాదన ఇంకా తెగలేదు. వాన వెలిసిన మర్నాడు కూరగాయల మార్కెట్లో ఎవరో పారేసిన క్యాబేజీ ఆకు మీద కాలు పడింది. చూసుకుని నడవాలని మా ఆయన అంటారు. ఊడ్చి పెట్టుకోవాలని నేనంటాను. ఏదైతేనేం, మడమ ఎముక చిట్లింది, మోకాలి దాకా సిమెంటు కట్టు పడింది. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయిన దాన్ని, నోరు మూసుకుని మంచం మీద పడుకోవలసి వచ్చింది. మాట్లాడదామంటే ఎదురుగా ఫ్యాను ఒక్కటే. దాంతో ఎంతసేపని వాదిస్తాం? అది ఒకే మాటని తిప్పి తిప్పి అంటుంది.

అప్పుడు, నా దగ్గర చదువుకుని ఇప్పుడు యలమంచిలిలో కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్న ఒక అమ్మాయి, "మేడమ్, ఊసుపోకపోతే ఇది చూడండి" అని ఫోన్‌కి ఒక లింకు పంపింది. అదొక పేజీ. ఎవరు నడుపుతున్నారో తెలీదు గానీ, ప్రపంచంలో ఏ మూల ఎవరు ఏ చిత్రమైన చేతిపని చేసినా ఏరుకొచ్చి అందులో పెడతారు. ఒకాయన గాజుపలక మీద ఇసక పోసి వేలితో బొమ్మ గీస్తాడు, ఫొటో తీస్తాడు, చెరిపేసి అక్కడే ఇంకోటి గీస్తాడు. అన్నీ వరసగా నడిపిస్తే ఒక ముసలమ్మ నడుస్తూ నడుస్తూ కొంగై ఎగిరిపోతుంది. ఒకావిడ ఒకే ఒక్క కాగితాన్ని కత్తిరించి వీధి వీధంతా నిలబెడుతుంది, మేడలు, కిటికీలు, కిటికీలో ఆరేసిన చొక్కాతో సహా. ఇంకెవరో ప్రతి బొమ్మనీ గుడ్డ మీద దారంతో కుట్టి చేపని ఈదించారు. చేప వెనక్కి తిరిగినప్పుడల్లా కుట్టు ముడులు కూడా కనిపిస్తాయి. మరొకరు క్యాబేజీని పల్చపల్చగా కోసుకుంటూ ఒక్కో కోతనీ ఫొటో తీశారు. అవి కదులుతుంటే లోపలి నుంచి పువ్వు విచ్చుకుంటున్నట్టు ఉంది. నన్ను పడేసిన క్యాబేజీకి ఇంత అందం ఉందని నాకెవరూ చెప్పలేదు.

మా ఆయన కాఫీ గ్లాసు అందిస్తూ ఫోన్లోకి తొంగి చూసి, "ఏటిది, చిన్నపిల్లల బొమ్మలు సూస్తన్నావు?" అన్నారు.

"మీరు సూసే వార్తలు పెద్దోళ్ళు సూసేవేటి? నలుగురు కూకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుసుకోడవేగా. ఈ చేప ఎవర్నీ ఏటీ అనడం లేదు."

"కాలు విరిగితే నోరు కూడా కాస్త నెమ్మదిస్తాదనుకున్నాను" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

ఆయనకి తెలియనిదేమిటంటే, కదిలే బొమ్మల పిచ్చి నాకు ఇప్పుడు పట్టింది కాదు. నేను మొదటిసారి బొమ్మ కదలడం చూసింది సినిమా హాల్లోనూ కాదు, టీవీలోనూ కాదు. మా దీనమ్మత్త బల్ల మీద. దీనమ్మత్త మా నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. మిషను బళ్ళో చిన్న తరగతుల టీచరు. మా ఇంట్లోనే నడిమిగది ఆవిడది. ప్రతి ఆదివారం సాయంత్రం ఏదో ఒక ఊరు వెళ్ళి పిల్లలకి వాక్యం చెప్పేది. ఒక వారం గొలుగొండ వైపు, ఒక వారం నాతవరం వైపు. చంకలో ఒక చెక్కబల్ల, దానికి చుట్టిన నీలం ఫ్లానెల్ గుడ్డ. చేతిసంచిలో అట్ట మనుషులు. ఒక్కో అట్ట మనిషి వీపుకీ చిన్న ఫ్లానెల్ ముక్క అంటించి ఉండేది. ఆ మనిషిని బల్ల మీద గుడ్డకి అలా ఆనిస్తే చాలు, గోడకి బల్లిలా పట్టుకుని నిలబడేవాడు. అత్త కథ చెబుతూ వేలితో పడవని జరిపేది. నీలం గుడ్డ సముద్రం అయ్యేది. కాపరిని జరిపేది, అదే నీలం గుడ్డ ఆకాశం అయ్యేది. పిల్లలు నోరు తెరుచుకుని చూసేవారు. వెనక చుట్టలు కాల్చుకునే మగవాళ్ళు కూడా చుట్ట ఆరిపోయిన సంగతి మరిచిపోయేవారు. ఇసకతో బొమ్మలాడించే ఆ పెద్దమనిషికి ఎన్ని బహుమానాలు వచ్చాయో పేజీలో రాశారు. మా అత్తకి వచ్చింది ఒక గెల అరటికాయలు, ఒక్కోసారి కోడిగుడ్లు.

ఆ మనుషులు పుట్టేది శనివారం నాడు. మధ్యాహ్నం భోజనం కాగానే అత్త నడిమిగది తలుపు వేసుకునేది. "ప్రార్థన సేసుకుని బొమ్మ గీస్తాను, ఎవరూ తలుపు తియ్యకండి. మద్దిలో తీస్తే సెయ్యి దారి తప్పిపోద్ది" అనేది. ఇక ఇల్లంతా పిల్లి నడక. అమ్మ టీ గ్లాసు గుమ్మం దగ్గర పెట్టి, గాజులు చప్పుడు కాకుండా మోచేతి మీదకి తోసుకుని వెనక్కి వచ్చేది. ఊళ్ళో ఎవరినీ లెక్కచెయ్యని మా నాన్న, దగ్గు వస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తేవాడు. తలుపు సందుల్లోంచి వాసనలు మాత్రం వచ్చేవి. మొదట కొబ్బరినూనె. తర్వాత మైదాపిండి జిగురు, పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తం. ఆఖర్న బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద వేడెక్కిన ఫ్లానెల్ వాసన, పసిపిల్లల పక్కగుడ్డ ఎండలో ఆరినట్టు. పొయ్యి దగ్గర పెట్టాల్సిన నూనె బొమ్మల గదిలో ఎందుకుందో నేను అడగలేదు. ప్రతిదానికీ ఎందుకు అని అడిగే నోరు ఆ ఒక్కదాని దగ్గర ఎందుకు మూగబోయిందో నాకు ఇప్పటికీ తెలీదు. దీపం పెట్టే వేళకి తలుపు తెరుచుకునేది. అత్త అరచేతిలో ఒక కొత్త మనిషి ఉండేవాడు. ఎక్కడా రబ్బరు పెట్టి తుడిచిన మచ్చ ఉండేది కాదు. దేవుడిచ్చిన చెయ్యి అనేది అమ్మ.

నాకూ దేవుడు ఒక చెయ్యి ఇచ్చాడు. అది ఎడంది. ఆ సంగతి మా ఇంట్లో ఒక జబ్బు కింద లెక్క. అన్నం తినేటప్పుడు ఎడం చెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చోవాలని అమ్మ రూలు పెట్టింది. చెయ్యి తిమ్మిరెక్కి చచ్చుబడి, భోజనం అయ్యాక అది నాది కాదన్నట్టు వేలాడేది. పలక మీద ఎడం చేత్తో అ రాస్తే నాన్న పుల్ల విరిగేదాకా వేళ్ళ మీద కొట్టేవాడు. ఆయన చెడ్డవాడు కాదు; ఎడంచేతి పిల్లని ఎవడు చేసుకుంటాడని భయం. ఆయన భయానికి నా వేళ్ళ కణుపులు సమాధానం చెప్పేవి. బళ్ళో సరే సరి. ఇంటికి వచ్చిన చుట్టాలకి కూడా ఆ విషయం మంచినీళ్ళతో పాటే అందించేవారు.

అలాంటి నాకు ఒక శనివారం సాయంత్రం అత్త చేతిలో దీవించే పెద్దాయన కనిపించాడు. తెల్లటి గెడ్డం, పొడుగు అంగీ, కళ్ళు పైకి. చెప్పులోంచి ఒక బొటనవేలు బయటికి తొంగి చూస్తోంది. ఎత్తిన చెయ్యి ఎడమది. నేను రెండుసార్లు చూసుకున్నాను, నా చేతితో పోల్చి మరీ. తర్వాత అత్త సంచిలోని మనుషులందరినీ బయటికి తీసి పరిచాను. విత్తనాలు చల్లేవాడు ఎడం చేత్తో చల్లుతున్నాడు. దీపం పట్టుకుని వెతుక్కునే ముసలావిడ దీపం ఎడం చేతిలో పట్టుకుంది. రాజు బాకా ఎడం చేత్తో ఊదుతున్నాడు. మా ఊళ్ళో, మా ఇంట్లో, మా బళ్ళో నాకు ఒక్క తోడు లేదు. మా అత్త సంచిలో మాత్రం ఒక జనాభానే ఉంది. వాళ్ళని ఎవరూ కొట్టడం లేదు, పైగా అందరూ దండం పెడుతున్నారు.

ఆ మర్నాడు నాతవరం వైపు ఒక పల్లెలో ప్రార్థన కూటం. నన్ను కూడా తీసుకెళ్ళింది. అత్త పెద్దాయన్ని బల్లకి ఆనించగానే ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ లేచి నిలబడింది.

"ఏటమ్మా టీచరమ్మా, అంత పెద్దోడు ఎడం సేత్తో దీవిస్తన్నాడేటి? మా కోడలు ఎడం సేత్తో కూరొడ్డిస్తే నాను తిట్టినాను. మరిప్పుడేటి సెప్పాల దానికి?"

అందరూ నవ్వారు. మా సంఘ పెద్ద యోబు గారు నవ్వలేదు, గొంతు సవరించుకున్నారు. అత్త ఒక్క క్షణం బొమ్మ వంక చూసింది. తర్వాత ముసలమ్మ వంక చూసి, "దేవుడికి కుడి ఎడమ లేవమ్మా. రెండు సేతులూ ఆయనిచ్చినవే. ఒకటి ఆయనిచ్చి, ఇంకోటి సైతాను ఇచ్చిందనుకున్నావేటి? నీ కోడల్ని మళ్ళీ తిట్టకు" అంది. ఆ మాటకి ఎక్కడో వెనకనుంచి ఒక పిల్ల కిసుక్కున నవ్వింది, కోడలే అయ్యుండాలి.

తిరుగు బస్సులో కిటికీ పక్కన అత్త, అత్త పక్కన నేను. అత్త జబ్బ పట్టుకుని ఊపి అడిగాను: "అత్తా, నువ్వు ఆళ్ళందర్నీ ఎడం సెయ్యోళ్ళుగా గీసింది నా కోసమా?"

"మరెవరి కోసమే? నీ కోసమే" అంది అత్త. తల నా భుజం మీదకి వాల్చింది.

నా జీవితం ఆ ఒక్క మాట మీద కట్టుకున్నాను. ఇది పెద్దమాటగా కనిపిస్తే కనిపించనీండి. ఆ రాత్రి అన్నం దగ్గర ఎడం చెయ్యి తొడ కింద పెట్టలేదు. నాన్న గుడ్లురిమితే, "దేవుడికి కుడి ఎడమ లేవు" అన్నాను. దెబ్బ పడింది. మర్నాడు మళ్ళీ అన్నాను, మళ్ళీ పడింది. కొన్నాళ్ళకి కొట్టే చెయ్యి విసిగింది గానీ తినే చెయ్యి విసగలేదు. ఆ ఏడాదే నన్ను పై చదువుకి హాస్టల్లో వేశారు. వెళ్ళేటప్పుడు అత్త ఆ దీవించే పెద్దాయన్ని నాకు ఇచ్చేసింది. ట్రంకుపెట్టె మూత లోపల అంటించుకున్నాను. అక్కడి వార్డెనమ్మ ఎడం చేతికి రిబ్బను కట్టి రాయమంటే నేను రిబ్బను పళ్ళతో విప్పి, అత్త వాక్యం అప్పజెప్పాను. గుంజీలు తీశాను. పెళ్ళయ్యాక మా అత్తగారు, "ఎడం సేత్తో ఒడ్డిస్తన్నావేటమ్మా" అంటే ఆవిడకీ అప్పజెప్పాను. ఆవిడ ఆ పూట పస్తు ఉంది. నల్లబల్ల మీద ఇప్పటికీ ఎడం చేత్తోనే రాస్తాను. స్టాఫ్ రూములో నాతో వాదనకి దిగినవాళ్ళు సాధారణంగా రెండోసారి దిగరు. నాకు ఇంత నోరు ఎక్కడినుంచి వచ్చిందని మా ఆయన చాలాసార్లు అడిగారు. మా అత్త బల్ల మీద నుంచి వచ్చింది. లోకమంతా ఒకవైపు ఉన్నా నా వైపు ఒక మనిషి ఉంది, శనివారం మధ్యాహ్నం తలుపేసుకుని నా కోసం కష్టపడింది అనే ధైర్యం అది. ఆ ధైర్యం ఉన్న పిల్లకి నోరు దానంతట అదే వస్తుంది.

సరే, మంచం మీదకి వద్దాం. ఆ పేజీలో మరుగున పడ్డ బొమ్మల కళాకారుల గురించి అప్పుడప్పుడు పెడుతుంటారు. ఒక పొద్దున్న, ఏదో చలిదేశంలో పిల్లల పత్రికకి బొమ్మలు వేసిన ఒకావిడ గురించి పెట్టారు. పేరు నాకు నోరు తిరగలేదు. పాత పత్రికల పేజీలు తీసి, శుభ్రం చేసి, వరసగా పేర్చారు. ఎంత చక్కటి గీత! లావుపాటి మనుషులు, పొట్టి కుక్కలు, మంచు పట్టిన కప్పులు. ఒక్కోటీ జరుపుకుంటూ వెళుతున్నాను. ఒక రొట్టెల దుకాణం వచ్చింది. నడుముకి గుడ్డ కట్టుకున్న లావుపాటి యజమాని మునివేళ్ళ మీద లేచి, కళ్ళు పైకెత్తి, పై అరలో రొట్టె అందుకుంటున్నాడు. చిరిగిన బూటులోంచి అతని బొటనవేలు బయటికి తొంగి చూస్తోంది.

ఆ బొటనవేలు నాకు తెలుసు.

మంచం దిగకూడదన్న మాట మరిచిపోయి కుంటుకుంటూ బీరువా దగ్గరికి వెళ్ళాను. ట్రంకుపెట్టె పోయినా పెద్దాయన పోలేదు. బీరువా తలుపు లోపలివైపు ఉన్నాడు. ఫోన్ పక్కన పెట్టి చూశాను. అదే మడత మోచేతి దగ్గర. అదే చిటికెనవేలు, మిగతా వేళ్ళతో పోట్లాడి దూరంగా నిలబడ్డట్టు. రొట్టె తీసేసి, గెడ్డం పెట్టి, నడుం గుడ్డని అంగీ చేశారు. ఒక్కటే తేడా. రొట్టెలవాడు కుడి చెయ్యి ఎత్తాడు. ఫోన్లో బొమ్మని అద్దంలోలా తిరగేసే మీట ఒకటి ఉంటుంది. నొక్కాను. ఆ ఒక్క నొక్కుకి రొట్టెలవాడు ఎడంచేతివాడై మా పెద్దాయన మీద అచ్చుగుద్దినట్టు కూర్చున్నాడు. కొబ్బరినూనె వాసన అప్పుడు వచ్చింది నాకు, ఇన్నేళ్ళ తర్వాత. పల్చటి కాగితానికి నూనె రాసి బొమ్మ మీద పరిస్తే కింది బొమ్మ కనిపిస్తుంది. దాని మీద మెత్తటి పెన్సిల్‌తో దిద్ది, అట్ట మీద బోర్లించి, వెనకనుంచి గోటితో రుద్దితే బొమ్మ అట్ట మీదకి దిగుతుంది. తిరగబడి దిగుతుంది. అందుకే రబ్బరు మచ్చ ఉండేది కాదు.

మిగతా పేజీలు కూడా చూశాను. చూడకుండా ఉండాల్సింది. దీపం పట్టుకుని వెతుక్కునే భక్తురాలు అసలు మంచం కింద పిల్లిని వెతుకుతోంది. విత్తనాలు చల్లేవాడు బాతులకి తిండి వేస్తున్నాడు. బాకా ఊదే రాజు సర్కస్ వాడు. మా చుట్టుపక్కల పల్లెలన్నీ కళ్ళు మూసుకుని తలవంచింది ఒక రొట్టెల దుకాణానికి! నవ్వు రావాలి. ఇంకెవరి అత్త అయినా నేనే పొట్టపట్టుకుని నవ్వేదాన్ని. కాపీ కొట్టినందుకు నాకు బాధ లేదు. ఆ రోజుల్లో మంచి బొమ్మ చూడాలంటే సబ్బుపెట్టె అట్టో క్యాలెండరో దిక్కు. ఉన్నదాంట్లోంచి ఊళ్ళకి ఊళ్ళని ఊగించింది, గొప్పదే. ఇప్పుడు ఏ బొమ్మ ఎవరిదో మంచంలో పడుకుని తేల్చుకోవచ్చు. అప్పుడు ఒక మనిషి నేను గీశాను అంటే గీసినట్టే, నీ కోసం అంటే నీ కోసమే. తేల్చుకునే దారి లేకపోవడం వల్ల మేం ఎంత సుఖంగా ఉన్నామో ఆ పొద్దున్న తెలిసింది. నన్ను కోసింది ఒక్క ప్రశ్న. వాళ్ళ చేతులు తిరగబడి ఎడమవి అయ్యాయా, లేక అత్త తెలిసే వాటిని ఎడమవిగా ఉంచిందా? తెలిసి ఉంచితే చాలు. రొట్టెలవాడు అయితేనేం, సర్కస్ వాడు అయితేనేం, నా కోసం అలా ఉంచితే చాలు.

కట్టు విప్పిన మర్నాడే ఆటో ఎక్కాను. అత్త ఇప్పుడు చర్చి వెనక రెండు గదుల వాటాలో ఉంటుంది. మాతో ఉండమని పిలిచిన వాళ్ళందరినీ తిట్టి పంపేసింది. వీధిలో పిల్లలకి ఎక్కాలు చెబుతుంది, అప్పజెప్పకపోతే చెవి మెలేస్తుంది. నేను వెళ్ళేసరికి చేట ముందేసుకుని చింతపండులో గింజలు తీస్తోంది.

"ఏటే రూతూ, కాలు బాగయ్యిందేటి? మీ ఆయన్ని కూడా తేలేకపోయేవా, గింజలు తీసును."

"గింజల సంగతి తర్వాత. ముందు ఇది సూడు."

ఫోన్ అందించాను. చెయ్యి కొంగుకి తుడుచుకుని, కళ్ళజోడు ముక్కు మీదకి లాక్కుని, బొమ్మని దగ్గరికి తెచ్చుకుంది. సిగ్గుపడుతుందనుకున్నాను. మొహం మాడుతుందనుకున్నాను. ఆటోలో వస్తూ ఆవిడ ఏమంటే నేనేమనాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను.

"ఓలమ్మా!" అంది. మొహం వెలిగిపోయింది. "ఈడేనే! నా రొట్టెలోడు! ఎక్కడ దొరికేడే నీకు? మిషను దొరసాని బంగళా ఖాళీ సేసి ఎల్లిపోతా పాత పిల్లల పుస్తకాలు కట్ట కట్టి పారేసింది. నేనే తెచ్చుకున్నాను. తర్వాత చెదలు తినేసేయి. ఏడిసేను నేను."

"అంటే నువ్వు గీయలేదు."

"గీయలేదేటి? ఈ గెడ్డం ఎవడు పెంచేడు, నువ్వా? సెయ్యెత్తినోడి కోసం ఎంత ఎతికేనో నీకేటి తెల్సు. దొరల బొమ్మల్లో అందరూ సేతులు జేబుల్లో పెట్టుకునే ఉంటారు. ఈడొక్కడు దొరికేడు."

"తలుపేసుకుని ప్రార్థన అనేదానివి."

"ప్రార్థనే సేసేదాన్ని. ఎవరూ తలుపు తియ్యకూడదని." అని తన మాటకి తనే పడీపడీ నవ్వింది.

నాకూ నవ్వు వచ్చింది, మింగేశాను. "మరి ఎడం చెయ్యి?"

"బోర్లిస్తే తిరగబడిపోద్ది కదే. నేనసలు సూసుకోనే లేదు. నాతవరం వైపు ముసల్దొకత్తి కూటంలో లేచి అడిగింది సూడు, అప్పుడు సూసుకున్నాను. గుండె ఆగిపోయింది. నోటికొచ్చింది సెప్పి గట్టెక్కేను. తర్వాత యోబు గారు ఇంటికొచ్చి మరీ కేకలేసేరు. అప్పట్నుంచి రెండుసార్లు బోర్లించేదాన్ని. నువ్వు హాస్టల్‌కెళ్ళేక పాతోళ్ళని కూడా మార్సేసేను. అందరూ కుడిసేతికొచ్చేసేరు."

అంటే నేను హాస్టల్లో రిబ్బను పళ్ళతో విప్పి గుంజీలు తీస్తున్నప్పుడు, ఇక్కడ నడిమిగదిలో తలుపేసుకుని, నా జనాభాని ఒక్కొక్కర్నీ కుడిచేతి వాళ్ళుగా మారుస్తోంది మా అత్త. నేను అప్పజెప్పిన వాక్యాన్ని చెప్పిన మనిషే వదిలేసింది. నా దగ్గరున్న ఒక్క పెద్దాయనే మిగిలాడు. ఆయన్ని కూడా నాకెందుకు ఇచ్చేసిందో అప్పుడర్థమైంది. ఇంకెక్కడా పనికిరాడు కాబట్టి.

"నువ్వు బస్సులో నాతో ఒక మాటన్నావు" అన్నాను. "ఆళ్ళందర్నీ నా కోసమే అలగ గీసేవా అనడిగితే, నీ కోసమే అన్నావు."

అత్త గింజ తీస్తున్న వేలు ఆపింది. నా మొహం వంక చూసింది. తెలివైన మనిషి. నేనేం వినడానికి వచ్చానో ఆవిడకి తెలియక కాదు. యోబు గారి ముందు, కూటం మొత్తం ముందు రెప్పపాటులో మాట అల్లిన నోరు అది. ఆవిడ ఊఁ అన్నా చాలు.

"అన్నానేటి?" అంది. "ఏమోనే. అనుంటాను. బస్సెక్కితే నాకు నిద్రొచ్చేస్తాది. నిద్దట్లో ఏటడిగినా అవుననేస్తాను." మళ్ళీ ఫోన్ దగ్గరికి లాక్కుని, వేలితో తెర మీద గోకింది. "ఇంకా ఉన్నాయేటి ఇందులో? పిల్లిని ఎతికే ముసల్ది ఉందా? నా కట్టలో సగం పేజీలు లేవే. సర్కస్ వాడి పక్కన ఇంకెవరున్నారో నాకు ఇప్పటికీ తెలీదు. బేగి తియ్యి."

నేను ఫోన్ తీసుకున్నాను.

"కోపమొచ్చిందేటే?" అంది.

"వచ్చింది."

"వస్తే రానీ. ముందు ఆ పక్క బొమ్మ సూపించి తర్వాత పడు కోపం."

ఫోన్ సంచిలో పడేసుకుని, చెప్పులు వేసుకుని, వీధి చివరిదాకా కుంటుకుంటూ నడిచి ఆటో ఎక్కాను. వెనక నుంచి "ఒసే, ఒసే" అని పిలుస్తూనే ఉంది. ఆ తర్వాత ఎక్కాలు నేర్చుకునే పిల్లల తల్లుల చేత కబుర్లు పెడుతోంది. టీచరమ్మ మీ ఫోన్లో బొమ్మలు చూడాలంట, ఒకసారి రమ్మంది అని. మా ఆయన కూడా, "పెద్దావిడ, ఎన్నాళ్ళుంటాదో, సూపించేసి రారాదా, నీ సొమ్మేటి పోద్ది" అంటున్నారు. సర్కస్ వాడి పక్కన ఎవరున్నారో నాకు తెలుసు, ఆవిడకి తెలీదు. బొమ్మలన్నీ ఫోన్లో దాచి ఉంచాను, ఒక్కటీ చెరపలేదు. ఆ రోజు ఆవిడ ఒక్క అబద్ధం చెప్పి ఉంటే అన్నీ చూపించేదాన్ని.